మిగులు ముక్కల బొంత: చిట్టితల్లికి పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ బొటిక్‌లో పోగుపడిన ముక్కల ఫోటోలు చూశాను. రెండు బస్తాలన్నావు. వాటిలో నాకు మూడు బొంతలైనా కనిపించాయి. పారేయకుండా దాచినందుకు చాలా సంతోషం. ఎలా కుట్టాలి పెద్దమ్మా అని అడిగావు. కుట్టడం నీకు నేను నేర్పక్కర్లేదు, మిషన్ మీద నీ చెయ్యి బాగా తిరిగింది. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో తేల్చుకోవడమే కష్టం. కుట్టు తిన్నగా ఉండి కూర్పు బాగోకపోతే మంచం మీద గుడ్డపేలికలు పడేసినట్టే ఉంటుంది. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

మీ అమ్మమ్మ కాలంలో చలికి ముందు బొంతలు కుట్టే ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చేవాళ్ళు. పాత చీరలు, పంచెలు, చిన్నా చితకా ముక్కలు ఇస్తే అరుగు మీద పరిచి దబ్బనంతో కుట్టి ఇచ్చేవాళ్ళు. వాళ్ళ చేతులనే చూస్తూ కూర్చునేదాన్ని. నల్లంచు ముక్క ఒకటి తీసి, ఇక్కడ పెట్టి, తీసి, అక్కడ పెట్టి, ఒకడుగు వెనక్కి జరిగి చూసి, అప్పుడు సూది దించేవాళ్ళు. ఏదో ఒకటి దొరికింది కదా అని అతికించేవాళ్ళు కాదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంద్ అనే బొంతలు కూడా అంతే. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకొస్తారు. చివర నాలుగు మూలలా మడతలు పెట్టిన త్రికోణపు ముక్కలు కుడతారు, వాటిని ఫూల అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్ళు చిరిగిన పని బట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలోనూ, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకి పెట్టారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వేశారు. వాళ్ళు వాడింది మాసిపోయిన జీన్సు ముక్కలు, చొక్కా ముక్కలే. కాబట్టి ఖరీదైన బట్ట లేదని దిగులు పెట్టుకోకు.

ముందు బస్తాలు బోర్లించి ఏరు. కాటన్ మాత్రమే ఉంచు. టూ బై టూ జాకెట్టు బట్ట, పాప్లిన్, మంగళగిరి, నారాయణపేట, పెడన కలంకారీ, పోచంపల్లి కాటన్, అస్తరు ముక్కలు, ఇవన్నీ పనికొస్తాయి. జార్జెట్, షిఫాన్, క్రేప్, నెట్టు పక్కన పెట్టెయ్. అవి మిషన్ కింద జారిపోతాయి, ఉతికితే కాటన్‌తో పాటు కుదించుకోవు. జరీ, మగ్గం వర్క్, చమ్కీలు ఉన్నవి ఎంత ముద్దొచ్చినా వద్దు. మొహం మీద కప్పుకునేది, గీరుకుంటుంది. గద్వాల చీర ముక్కలు చూసుకో, ఒళ్ళు కాటనే కానీ అంచు పట్టు. అంచు విడదీసి ఒళ్ళు మాత్రం తీసుకో. ఏ బట్టో తెలియని ముక్క ఉంటే రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించి చూడు. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

ఏరినవన్నీ ఉతుకు. కొత్త బట్ట కుదించుకుంటుంది, పాత బట్ట ఈపాటికే కుదించుకుని ఉంటుంది. రెండూ కలిపి కుడితే మొదటి ఉతుకులోనే ముడతలు పడుతుంది. ముదురు ఎరుపు, నీలం, కలంకారీ ముక్కలను విడిగా తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీపెట్టెతో అదుము. గుడ్డకి రంగంటితే మళ్ళీ మళ్ళీ జాడించు. ఎన్నిసార్లు జాడించినా దిగుతూనే ఉంటే దాన్ని వదిలెయ్, లేత ముక్కలన్నీ పాడుచేస్తుంది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందని చెప్పేవాళ్ళుంటారు, దాన్ని నమ్ముకోకు.

ఇప్పుడు అసలు సంగతి. ముక్కలను రంగుల వారీగా సర్దకు. ఎరుపులన్నీ ఒకచోట, పచ్చలన్నీ ఒకచోట పెడతామని అందరికీ ముందు అదే తోస్తుంది. నువ్వు లేత, ముదురు, నడిమి అని మూడు కుప్పలు వేసుకో. దూరం నుంచి చూసేవాళ్ళకి బొంతలో డిజైన్ కనపడేది ఈ తేడా వల్లే. కుంకుమ రంగు ముక్క, ఆకుపచ్చ ముక్క పక్కపక్కన పెట్టి ఫోన్లో ఫోటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడు. కంటికి అంత తేడాగా కనిపించినవి చాలాసార్లు ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తాయి. అలాంటి రెండిటితో గళ్ళు కుడితే గళ్ళు కనపడవు. నిమ్మపండు రంగు, గంధం రంగు, పాలమీగడ రంగు దాదాపు ఎప్పుడూ లేత కుప్పలోకే వెళ్తాయి. నెమలికంఠం, వంకాయరంగు, మెరూన్, బాటిల్ గ్రీన్ ముదురులోకి. నడిమివి నిన్ను తికమక పెడతాయి. లేతవాటి పక్కన ముదురుగా, ముదురువాటి పక్కన లేతగా కనిపిస్తాయి. వాటిని తక్కువగా వాడు.

ఇంకొకటి, పువ్వుల ముక్కలూ గళ్ళ ముక్కలూ ఇక్కత్ ముక్కలూ కలిసి ఎక్కువైతే కన్ను ఎక్కడా ఆగదు. మూడో వంతైనా ప్లెయిన్ ఉండాలి. నీ దగ్గర టూ బై టూ ముక్కలు బోలెడు కాబట్టి ఈ విషయంలో నీకు టెన్షన్ లేదు. పెద్ద పూల కలంకారీని సన్నగా కోస్తే పువ్వు పోయి మరకల్లా మిగుల్తాయి. దాన్ని ఇంకో బొంతకి దాచు.

నీ ముక్కలు ఎక్కువగా సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. జాకెట్టు కోశాక మిగిలేవి అవే కదా. వాటికి సరిపోయే కూర్పు ఒకటుంది, లాగ్ క్యాబిన్ అంటారు. మధ్యలో మూడున్నర అంగుళాల చదరం. ముక్కలన్నిటినీ రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కోసుకో, పొడవు ఎంతున్నా పరవాలేదు. చదరానికి ఒక పక్క లేత పట్టీ కుట్టి, మిగిలింది కత్తిరించి, ఇస్త్రీ చెయ్. తిప్పి రెండో పక్క మళ్ళీ లేత పట్టీ. మూడో పక్క ముదురు, నాలుగో పక్క ముదురు. అది ఒక చుట్టు. అలా మూడు చుట్లు తిప్పు. కుట్టు పావు అంగుళం లోపలికి వేస్తే గడి పన్నెండున్నర అంగుళాలు వస్తుంది, గళ్ళన్నీ కలిపాక పన్నెండుకి దిగుతుంది. మూల నుంచి మూలకి సగం లేత, సగం ముదురు పడుతుంది. ఇలాంటివి అడ్డం ఐదు, నిలువు ఏడు, మొత్తం 35 గళ్ళు కుడితే 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు. సింగిల్ మంచానికి చక్కగా కప్పుతుంది.

ఆ 35 గళ్ళకీ మధ్య చదరం మాత్రం ఒకే బట్టలోంచి తియ్యి. ఇది చాలా ముఖ్యం. చుట్టూ ఎన్ని రకాల ముక్కలున్నా, ఆ ఒక్క రంగు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే బొంతంతా ఒకదానికొకటి చెందినట్టు ఉంటుంది. ఎరుపు బాగుంటుందని నా అభిప్రాయం. మన ఇక్కత్ నేత తేలియా రుమాళ్ళు చూడు, ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడింటితోనే ఎంత నిండుగా ఉంటాయో. చదరాలకి అర మీటరు బట్ట చాలు, ఇంకా మిగుల్తుంది. బస్తాలో అంత ముక్క దొరక్కపోతే కొను. మిగులుతోనే కుట్టాలని పంతం పట్టి ఈ ఒక్కదాన్ని రకరకాల ఎరుపులతో నింపకు.

పట్టీలు కోసేటప్పుడు పోగు చూసుకో. చంక రౌండు దగ్గర మిగిలినవీ, క్రాస్‌లో కోసిన జాకెట్ల ముక్కలూ లాగితే సాగుతాయి. వాటితో గడి కుడితే అంచులు అలలు తిరుగుతాయి. పడుగు పోగు, అంటే బట్టలో నిలువు పోగు వెంట మళ్ళీ కోసుకో. అలా కోయడానికి రాని ముక్కలను బొంతలోకి తీసుకురాకు.

గళ్ళన్నీ అయ్యాక వెంటనే కలపకు. హాల్లో నేల మీద పరుచు, పిల్లల్ని కాసేపు ఎక్కడికైనా పంపు. ముదురు మూలలన్నీ ఒకే దిక్కుకి పెడితే ఏటవాలుగా దుక్కి చాళ్ళలా గీతలు వస్తాయి. నాలుగేసి గళ్ళ లేత మూలలు ఒకదానికొకటి ఎదురుగా పెడితే వజ్రాలు వస్తాయి. వజ్రాలకి మాత్రం ఐదు, ఏడు పనికిరావు, బేసి కాబట్టి రెండంచుల్లో డిజైన్ సగానికి తెగుతుంది. అవే కావాలంటే నాలుగు, ఆరు వేసుకుని 24 గళ్ళతో చిన్నది కుట్టు, పిల్లలకి సరిపోతుంది. లేదంటే ఆరు, ఎనిమిది, 48 గళ్ళతో డబుల్ కాట్‌కి కుట్టు. మొదటిసారి కదా, నువ్వు చాళ్ళే వెయ్యి.

పరిచాక స్టూలెక్కి ఫోటో తియ్, నలుపు తెలుపులో చూడు. ఎక్కడైనా గీత తెగినట్టు కనిపిస్తే అక్కడ లేత పట్టీకి బదులు నడిమి ముక్క పడిందన్నమాట, ఆ గడిని వేరేచోటికి మార్చు. ఒకే ముక్క పక్కపక్క గళ్ళలో రాకుండా చూడు. కొట్టొచ్చినట్టు కనిపించే ముక్కలు, నీ ఫోటోలో రాణి రంగు ముక్క ఒకటుంది, అలాంటివి ఒకే మూలకి చేరకుండా మూడు నాలుగు చోట్లకి పంచు. ఆ రాత్రి అలాగే వదిలేసి పొద్దున మళ్ళీ చూడు. రాత్రి ట్యూబ్‌లైటు కింద సరిపోయిందనిపించినవి పగటి వెలుతురులో సరిపోకపోవచ్చు.

లోపలికి దూది వద్దు. ఉతికినప్పుడు ఉండలు కడుతుంది, హైదరాబాద్ చలికి అంత మందం కూడా అక్కర్లేదు. పాత కాటన్ చీరలే మంచివి. మీ అమ్మ బీరువాలో ఉన్నవాటిలో రెండు అడుగు. స్టీలు సామాన్ల వాళ్ళకి వేయక ముందే అడుగు. చీర సుమారు 216 అంగుళాల పొడవు, 45 వెడల్పు ఉంటుంది. మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 72 అంగుళాలు. అలాంటివి రెండు, అంచు మీద అంచు రెండంగుళాలు ఎక్కించి కలిపితే 72 అంగుళాల వెడల్పు, 88 పొడవు. అంటే ఒక పొర. రెండు చీరలకి మూడు పొరలు వస్తాయి, రెండు లోపలికి, ఒకటి వెనక్కి. చీరను వెలుతురుకి ఎత్తి పట్టి చూడు. పలచబడిన చోట రెండు చేతులతో లాగితే పర్రున చిరిగేదైతే వెనక్కి వాడకు, లోపలికి వెయ్యి.

పొరలన్నీ పరిచి, మడత లేకుండా చేత్తో సాపు చేసి, జానెడుకొకటి చొప్పున తర్వాత తీసేసే వదులు కచ్చా కుట్టు వెయ్యి. తర్వాత మధ్య నుంచి అంచులకి కుట్టుకుపో, అప్పుడు లోపల బట్ట ఉబ్బదు. ఇది చేత్తోనే కుట్టమని నా కోరిక. మిషన్ కుట్టుతో గట్టి పడుతుంది, చేతి కుట్టుతో ఒంటికి హత్తుకుంటుంది. గళ్ళ అతుకుల పక్కనే రెండు పోగుల కాటన్ దారంతో కుట్టు. దారం లేత రంగుదైతే ముదురు ముక్కల మీద వరసలు తేలి కనిపిస్తాయి, నాకు అదే ఇష్టం. రోజుకి రెండు గళ్ళు చాలు, వేళ్ళు నొప్పి పుట్టేదాకా కూర్చోకు. చివర అంచుకి జరీ లేని నారాయణపేట గళ్ళ బట్ట రెండున్నర అంగుళాల పట్టీలుగా కోసి, నిలువుగా మధ్యకి మడిచి తిప్పెయ్.

అమ్మకానికి పెడదామా అని రాశావు. మొదటిది ఇంట్లోనే ఉంచు. నాలుగైదు ఉతుకులు అయ్యాక ఏ కుట్టు వదులవుతుందో, ఏ రంగు దిగుతుందో తెలుస్తుంది. ఇంకొకరి డబ్బు తీసుకునేది ఆ తర్వాతే.

ముక్కలు మూడు కుప్పలు చేశాక, కోయక ముందే నాకు రెండు ఫోటోలు పంపు, రంగుల్లో ఒకటి, నలుపు తెలుపులో ఒకటి. పగటి పూట కిటికీ దగ్గర తియ్. మీ అన్నయ్య వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నాడు. ఇక్కడ మ్యాచింగ్ సెంటర్‌లో మంచి కుంకుమ రంగు టూ బై టూ చూశాను. నీకు ఎరుపు ఇష్టమైతే చెప్పు, అర మీటరు తడిపి ఆరబెట్టి వాడి చేతికిచ్చి పంపిస్తాను. దబ్బనం కూడా పెడతాను, అక్కడ దొరికేవి మరీ లావుగా ఉంటున్నాయన్నావు కదా.

ఇట్లు,
మీ పెద్దమ్మ