పాపకు పియానో మాస్టారును వెతికే ముందు

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. మేము హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. రెండేళ్లుగా పియానో నేర్పిస్తున్నాం. ఇప్పటికి ముగ్గురు టీచర్లు మారారు. లండన్‌కు చెందిన ట్రినిటీ కాలేజ్ నడిపే సంగీత పరీక్షల్లో గ్రేడ్ 1 పాసయింది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇదే వయసు బాబు గ్రేడ్ 3కి వెళ్లాడు. ఆరో తరగతి నుంచి పాపను ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చాలనుకుంటున్నాం కనుక ఆలోగా కనీసం గ్రేడ్ 5 పూర్తి కావాలి. కూకట్‌పల్లిలో ఒక అకాడమీ, ఇంటికి వచ్చి నేర్పే చర్చి మాస్టారు, ఏడాది ప్యాకేజీ తీసుకోమంటున్న ఒక ఆన్‌లైన్ సంస్థ: ఈ మూడింటిలో ఏది మంచిది? ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు. విదేశాల్లో సీటుకు ఈ సర్టిఫికెట్లు పనికొస్తాయా? మావారికీ నేర్చుకోవాలని ఉంది. 44 ఏళ్లకు సాధ్యమేనా?

జవాబు: అమ్మా, మూడు దారులు చూపి ఏది మంచిదని అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు అంతకన్నా ఎక్కువగా కనిపించినవి రెండు భయాలు. తోటిపిల్లలకన్నా పాప వెనకబడుతుందేమోనన్నది ఒకటి. సంగీతం తెలియని మనం డబ్బు పోసి మోసపోతామేమోనన్నది రెండోది. కూచిపూడికైనా, చదరంగానికైనా, పియానోకైనా పిల్లలను పంపే తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాల్లో ఈ రెండూ తరచుగా ఉండేవే. మొదటిదానికి సూటిగా జవాబు చెబుతాను: తొమ్మిదేళ్లకు పియానోలో ఆలస్యమైపోయినదేమీ లేదు. ఈ వయసుకు వేళ్లకు కొంత పట్టు వస్తుంది, ఇరవై నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చోవడం వస్తుంది, భిన్నాలు తెలుస్తాయి కనుక తాళంలోని విభజన త్వరగా అర్థమవుతుంది. పక్క ఫ్లాట్ బాబు గ్రేడ్ 3లో ఉన్నాడన్న సంగతిని ఈ నిర్ణయంలోకి రానివ్వకండి.

ముందుగా పాప గ్రేడ్ 1 సర్టిఫికెట్ తీసి, అందులో వాద్యం పేరు ఏమని ఉందో చదవండి. ట్రినిటీ కాలేజ్ లండన్ పియానోకు ఒక సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరొక సిలబస్ నడుపుతుంది. పరీక్షలూ వేరు, సర్టిఫికెట్లూ వేరు. మన నగరాల్లో పియానో క్లాసులని బోర్డు పెట్టి, 61 మీటల కీబోర్డు మీద నేర్పి, కీబోర్డు పరీక్షకే పంపే చోట్లు ఉన్నాయి, ఆ తేడా తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. కీబోర్డు తక్కువ వాద్యమని నేననడం లేదు. సినిమా సంగీతానికీ, ప్రార్థనా మందిరాలకూ, వేదిక మీది పాటలకూ అది ఎంతో అవసరమైన విద్య. అయితే అక్కడ కుడిచేయి పాట వరస వాయిస్తుంటే ఎడమచేయి ఎక్కువగా కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పట్టుకుంటుంది, తాళాన్నీ నేపథ్యాన్నీ యంత్రమే సమకూర్చగలదు. పియానోలో ఎడమచేతికి తనదైన వరస ఉంటుంది, అందుకు బాస్ క్లెఫ్ (కింది స్వరాలను రాసే గీతల ముందుండే గుర్తు) చదవడం రావాలి; మీటను ఎంత బలంగా నొక్కితే నాదం అంత గట్టిగా, ఎంత మెత్తగా నొక్కితే అంత మెత్తగా పలుకుతుంది. రెండేళ్లు తేలిక మీటల మీద పెరిగిన వేళ్లు బరువైన మీటల మీదికి రాగానే తడబడతాయి, అది పిల్ల తప్పు కాదు. అందుచేత మీ సర్టిఫికెట్‌లో కీబోర్డు అని ఉండి, కొత్త మాస్టారు పాపతో మొదటి పుస్తకం నుంచి మళ్లీ మొదలుపెడతానంటే నొచ్చుకోకండి. ఆ మాట చెప్పినవారు మీకు నిజం చెప్పినవారు. ఇంట్లోకి 88 బరువైన మీటలు, ఒక పెడల్ ఉన్న డిజిటల్ పియానో చాలు. గాలిలో తేమకు శ్రుతి తప్పుతూ, ట్యూనర్‌ను క్రమం తప్పకుండా పిలవవలసి వచ్చే పాత అప్‌రైట్ పియానోను చవకగా వస్తోందని ఇప్పుడే కొనవలసిన పని లేదు.

గ్రేడ్ల పరుగు మీద నాకున్న అనుమానాలను దాచుకోను. ట్రినిటీ ముఖాముఖి పరీక్షలో నూటికి 66 మార్కులు మూడు రచనలు వాయించడానికే ఉంటాయి. పాసు కావడానికి 60 చాలు. సహాయక పరీక్షల్లో సైట్ రీడింగ్, విని గుర్తించడం, అప్పటికప్పుడు కల్పించి వాయించడం, సంగీత పరిజ్ఞానం అనే నాలుగింటిలో గ్రేడ్ 5 వరకు ఏ రెండింటినైనా ఎంచుకోవచ్చు. అంటే సైట్ రీడింగ్‌ను, అంతకుముందు చూడని పేజీని చూసి వాయించడం అన్న పరీక్షను ఒక్కసారి కూడా ఎదుర్కోకుండా పిల్లలు గ్రేడ్ 5 దాకా వెళ్లిపోగలరు. వీడియో తీసి పంపే డిజిటల్ పరీక్షలోనైతే ఆ సహాయక పరీక్షలే లేవు. గ్రేడ్ 6 నుంచి ముఖాముఖి పరీక్షలో సైట్ రీడింగ్ తప్పనిసరి అవుతుంది, అప్పటిదాకా దాగి ఉన్న లోటు అక్కడ బయటపడుతుంది. ఏడాదికొకసారి పరిచయం లేని పరీక్షకుడి ముందు కూర్చుని వాయించడం పిల్లలకు మంచిదే, ఆ వ్యవస్థను నేను తప్పుపట్టను. ఏడాది పొడుగునా ఆ మూడు రచనలనే అరగదీసి, పాసయ్యాక మరో మూడింటిని ఎత్తుకునే పద్ధతిని మాత్రం గట్టిగా తప్పుపడతాను. గ్రేడ్ 3లో డిస్టింక్షన్ తెచ్చుకున్న పిల్ల ముందు, గ్రేడ్ 1 స్థాయి కొత్త పేజీ ఒకటి పెడితే, ప్రతి గుర్తు మీదా పెన్సిల్‌తో అక్షరాలు రాసి ఇమ్మని అడిగే పరిస్థితి వస్తోంది. ఆ సర్టిఫికెట్ ఆమెకు ఏం నేర్పినట్టు?

ఈ సందర్భంలోనే మీ లెక్క గురించి కొంచెం కటువుగా మాట్లాడాలి. మంచి మాస్టారు దగ్గర కూడా తొలి గ్రేడ్లు ఒక్కొక్కటి సుమారు ఏడాది పడతాయి, పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. రెండేళ్లలో గ్రేడ్ 5 కావాలని మీరు పట్టుబడితే, సరేనన్నవారంతా ఆ మూడు రచనల పద్ధతినే పాటిస్తారు. పైగా ఆరో తరగతిలో మాన్పిద్దామని మీరు ఇప్పుడే తీర్మానించుకున్నారు. ఆ సంగతి పాపకు తెలుసా? తెలిస్తే ఏ ఉత్సాహంతో సాధన చేస్తుంది? ముగ్గురు టీచర్లు మారారన్న విషయాన్ని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఒక్కొక్కరు ఒక్కో పుస్తకంతో, చేయి పెట్టే తీరులో ఒక్కో అలవాటుతో మొదలుపెడతారు కనుక, మీ పాప రెండేళ్లలో మూడుసార్లు మొదటి పేజీ తెరిచింది. మార్చడానికి కారణం ఫీజో, దూరమో అయితే సరే. పరీక్షకు త్వరగా పంపడం లేదన్నదే కారణమైతే, మీరు బహుశా మంచి మాస్టారునే వదులుకున్నారు.

ఇక మీ రెండో భయం. సంగీతం రానివారు కూడా మాస్టారును అంచనా వేయగలరు, అందుకు క్లాసులో కూర్చుని చూడాలి. పాప కూర్చోగానే ఆయన స్టూలు ఎత్తు చూస్తారా, మోచేతులు మీటల ఎత్తుకు వచ్చేలా సరిచేస్తారా, నేలకు అందని పాదాల కింద పీట వేయమంటారా అన్నది గమనించండి. తప్పు వచ్చినప్పుడు మళ్లీ మొదటినుంచి వాయించమనేవారు వేరు, ఆ రెండు బార్లనే (నిలువు గీతల మధ్య ఉండే తాళపు గడులను) తీసుకుని ముందు ఒక చేయి, తర్వాత రెండో చేయి, ఆపైన రెండూ కలిపి నెమ్మదిగా చేయించేవారు వేరు. మీకు కావలసింది రెండోవారు. ఇంటి దగ్గర ఏం సాధన చేయాలో నోటుపుస్తకంలో రాసిస్తే మంచి గుర్తు. తాను వాయించి ఫోన్‌లో వీడియో తీసి, అది చూసి నేర్చుకోమంటే మంచి గుర్తు కాదు. ఆయనను ఒక రచన వాయించి వినిపించమని మర్యాదగా అడగండి. నేర్పేవారు వాయించగా వినకుండానే ఫీజు కట్టేసే తల్లిదండ్రులు చాలామంది. మూడు నాలుగేళ్లుగా ఆయన దగ్గరే నేర్చుకుంటున్న విద్యార్థి ఒకరి ఇంటివారితో మాట్లాడించమనండి. ఎవరు నేర్పినా, ఎక్కడ నేర్పినా, తలుపు తీసి ఉండాలి, పెద్దవారొకరు వినబడే దూరంలో ఉండాలి. ఇందుకు అభ్యంతరం చెప్పేవారి దగ్గర పిల్లను ఉంచకండి.

ఆన్‌లైన్‌లో ఏడాది డబ్బు ముందే కట్టమనే ప్యాకేజీ మీకు వద్దు. సంస్థ ఎంత మంచిదైనా, టీచరు నచ్చకపోతే మీ చేతిలో ఏమీ మిగలదు. తెరమీద శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది కనుక ఇద్దరూ కలిసి వాయించలేరు. చేతి మణికట్టు వాలిపోతే తాకి సరిచేసేవారుండరు. దగ్గర్లో టీచరే లేని ఊళ్లవారికి, ఇప్పటికే చదవడం వచ్చినవారికి అది నిజంగా వరమే, మీ పాపకు కాదు. అకాడమీలో క్రమం, వాద్యం, ఏటా చిన్న కచేరీ ఉంటాయి. ఒక గదిలో నలుగురు పిల్లలకు హెడ్‌ఫోన్లు తగిలించి వంతులవారీగా చూస్తారా, విడిగా నేర్పుతారా అన్నది మాత్రం అడగండి.

చర్చి మాస్టారును మీరు కాస్త తక్కువగా చూస్తున్నట్టు ఉత్తరంలో తోచింది, అది సరికాదు. పాడేవారి గొంతును బట్టి ఏ శ్రుతికైనా అప్పటికప్పుడు మార్చి వాయించగలిగే నేర్పు చర్చిలో ఏళ్లు గడిపినవారికి ఉంటుంది, అది అన్ని అకాడమీల్లోనూ దొరకదు. రెండు క్లెఫ్‌లూ (పై స్వరాల ట్రెబుల్, కింది స్వరాల బాస్) చదివి వాయించగలరా అన్న ఒక్క ప్రశ్న అడగండి. చెవితో మాత్రమే వాయించేవారైతే తొలి టీచరుగా సరిపోరు, చదవడమూ వస్తే మీకు ఇంతకన్నా మంచి మనిషి దొరకడం కష్టం. మద్రాసు మైలాపూర్‌లో పాశ్చాత్య సంగీతం నేర్పిన ధన్‌రాజ్ మాస్టర్ పెద్ద సంస్థ నడిపినవారు కారు, ఇళయరాజా, ఎ.ఆర్. రెహమాన్ ఆయన శిష్యులే.

విదేశాల్లో సీటు గురించి అడిగారు కనుక, దానితోపాటు వృత్తి గురించీ చెప్పాలి. 2019లో అమెరికా టెలివిజన్ పోటీలో గెలిచిన పదమూడేళ్ల చెన్నై బాలుడు లిడియన్ నాదస్వరం వీడియోలు చూశాక చాలా ఇళ్లలో ఆశలు పెరిగాయి. అతని తండ్రే సంగీత దర్శకుడన్న సంగతి చాలామందికి తెలియదు. పియానో కచేరీలతోనే జీవించేవారు మన దేశంలో బహు తక్కువ. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా లాంటి పెద్ద వాద్యబృందంలో కూడా వయొలిన్లకు ఉన్నన్ని స్థానాలు పియానోకు ఉండవు. అంతర్జాతీయ పాఠశాలల్లో బోధన, సొంతంగా నేర్పడం, సినిమా సంగీతంలో అరేంజింగ్ (ఏ వాద్యం ఏం వాయించాలో కూర్చడం), ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో వాద్యాల ధ్వనులను కూర్చడం) మాత్రం నిజమైన ఉపాధులే. రెహమాన్ 2008లో చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట్ల పాప పెద్దయ్యాక చదవాలనుకుంటే అప్పుడు ఆలోచించవచ్చు. విదేశీ సంగీత కళాశాలలు ఆడిషన్‌లో వాయించింది విని సీటిస్తాయి. బ్రిటన్‌లో 6, 7, 8 గ్రేడ్లకు యూకాస్ (అక్కడి విశ్వవిద్యాలయ ప్రవేశాల సంస్థ) పాయింట్లు ఉన్న మాట నిజమే గానీ, సబ్జెక్టు మార్కులను బట్టే సీటిచ్చే విశ్వవిద్యాలయాలకు వాటితో పని లేదు. గ్రేడ్ 5తో ఆపేస్తే ఆ పాయింట్లు కూడా రావు. జేఈఈలోనూ, ఎప్‌సెట్‌లోనూ ఏ గ్రేడుకూ ఒక్క మార్కు కలవదు. కాబట్టి సీటు కోసమే అయితే ఈ ఖర్చు అనవసరం. పాపకు ఇష్టమైతే ఆరో తరగతిలో కూడా వారానికొక క్లాసు, రోజుకు ఇరవై నిమిషాలు ఏ ఫౌండేషన్‌కూ అడ్డు రావు.

మీవారు నిస్సందేహంగా మొదలుపెట్టవచ్చు. ఈ పరీక్షలకే గరిష్ఠ వయోపరిమితి లేదు, నేర్చుకోవడానికి అసలే లేదు. పెద్దవారికి వేళ్లు బిగుసుకుని ఉంటాయి గానీ నొటేషన్ త్వరగా పట్టుబడుతుంది. పాప క్లాసులో పక్కన కూర్చుని నేర్చుకోవద్దనీ, తనకు విడిగా అరగంట తీసుకోమనీ చెప్పండి. తండ్రితో పోల్చుకోవలసిన పరిస్థితి పిల్లకు రాకూడదు.

ఈసారి పరీక్ష ఫారం నింపకండి. చర్చి మాస్టారు రెండు క్లెఫ్‌లూ చదవగలిగితే ఆయనతో ఒక నెల మాట్లాడుకుని, ప్రతి క్లాసులోనూ గది మూలన కూర్చుని చూడండి. నెలాఖరుకు పాప నాలుగు బార్ల కొత్త పేజీని ఎవరూ వాయించి చూపకుండా, నెమ్మదిగానైనా తానే వాయించగలిగితే ఆయన దగ్గరే ఉంచండి, పరీక్షకు ఎప్పుడు పంపాలన్నది ఆయనకే వదిలేయండి. అలా జరగకపోతే కూకట్‌పల్లి అకాడమీలో విడి క్లాసు అడగండి, ఫీజు ఏ నెలకు ఆ నెలే కట్టండి.