బల్లిలా గోడ దిగిన మనిషి: మీరు వెతుకుతున్న నవల ఇదే

అట్ట ఊడిపోయిన తెలుగు అనువాదం, మధ్యమధ్య తారీఖులు, తలకిందులుగా కోట గోడ దిగే మనిషి. చిన్నప్పుడు చదివిన ఆ పుస్తకం పేరు చెప్పమని అడిగారు కదండీ, అది 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాకులా’. కథంతా డైరీలు, ఉత్తరాల వంటి వాటితోనే నడుస్తుంది కాబట్టే తారీఖులు గుర్తుండిపోయాయి.

ఈ దృశ్యం గుర్తొస్తుందేమో చూడండి. కౌంట్ డ్రాకులా అనే ప్రభువు కోటకు వచ్చిన హార్కర్ అనే యువ లాయరు చిన్న అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటుంటాడు. భుజం మీద చెయ్యి పడుతుంది. గది అంతా అద్దంలో కనిపిస్తుంది, పక్కనే నిలబడ్డ కౌంట్ మాత్రం కనిపించడు! కడపలో కరెంటు పోయిన రాత్రి లాంతరు దగ్గర ఇది చదివాను. తెల్లారేదాకా మా గోడ అద్దం వైపు చూడలేదు.

పాత పుస్తకాల దుకాణంలో అట్టలేని ప్రతి దొరికితే మొదటి పేజీ చూడండి. మూలంలో హార్కర్ డైరీ మే 3న మొదలవుతుంది. కడప ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయంలోనూ తప్పకుండా అడగండి. ఇంగ్లీషు మూలం ఈ-పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. దొరికాక చెప్పండి, నవలలో వచ్చే ఓడ కెప్టెన్ డైరీ గురించి మాట్లాడుకుందాం.