అమ్మలూ, ఫోన్ బ్యాగ్‌లో పడేసి గుడిమల్కాపూర్ వెళ్లు

చిరంజీవి అమ్మలుకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. బట్టల డిజైనర్ ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాకముందే బుర్ర ఖాళీ అయిపోయిందని, స్క్రీన్ ముందు కూర్చుంటే పాత డిజైన్లే మళ్లీ మళ్లీ చేతికొస్తున్నాయని రాశావు. రాత్రిళ్లు ఫోన్‌లో బొమ్మలు చూసి సేవ్ చేసుకుంటున్నానని కూడా రాశావు. జబ్బు ఆ రెండో మాటలోనే కనబడుతోంది. ఎవరో చూసి, ఎవరో ఎంచి, ఎవరో కత్తిరించి పెట్టిన రంగుల్ని నువ్వు మళ్లీ చూస్తున్నావు. నీ కంటికి అక్కడ చేయడానికి పనేమీ మిగల్లేదు. చేనేత చీరలకు రంగులు కుదిర్చే పనిలోనే నా జీవితం గడిచింది కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట విను. బొమ్మలు పోగేయడం ఆపి, కనబడిన ప్రతి మంచి రంగు దగ్గరా ఆగి, ఇది ఇలా ఎలా అయిందని అడగడం మొదలుపెట్టు. నువ్వున్నది హైదరాబాద్‌లో. అడగడానికి ఆ ఊళ్లో కొదవ లేదు.

ముందు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లు. మెహిదీపట్నం నుంచి దగ్గరే. తెల్లవారుజామునే వెళ్లాలి, ఆదివారం తీరిగ్గా పదింటికి లేచి వెళితే లాభం లేదు. వచ్చే వారం నుంచి బతుకమ్మ రోజులు, కాబట్టి ఇప్పుడు వెళితే ఇంకా మంచిది. పండగ ముందు రోజు మాత్రం వద్దు. ఆ రోజు అక్కడివాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, నీకు నిలబడే చోటు దొరకదు. చిల్లర పట్టుకెళ్లు. ఏదో ఒకటి కొను, రెండు మూరల పూలైనా సరే. కొన్న మనిషికి వాళ్లు జవాబు చెబుతారు, ఊరికే ఫోటోలు తీసుకునేవాళ్లకు ఎందుకు చెప్పాలి? అడక్కుండా ఎవరి మొహం మీదా ఫోన్ పెట్టకు. బస్తాలు మోసేవాళ్లకు అడ్డంగా నిలబడకు.

అక్కడ చూడాల్సింది ఇది. బంతిపూలు రాశి పోసి ఉంటే దూరం నుంచి అంతా ఒకటే నారింజ. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని రేకుల మధ్యకు చూడు. అంచు దగ్గర ఒక రంగు, లోపల నీడ పడిన చోట దాదాపు ఇటుక రంగు. రాశికి ఆ నిండుతనం ఇచ్చేది లోపలి నీడలే. తర్వాత కనకాంబరాల దగ్గరికి వెళ్లు. పసుపు చామంతుల పక్కన పెట్టిన కనకాంబరం ఎర్రగా కనబడుతుంది. అదే కనకాంబరం ఎర్ర గులాబీల పక్కకు చేరితే పసుపు తిరిగినట్టుంటుంది. నల్లటి జడలో పెట్టుకుంటే వెలిగిపోతుంది. పువ్వు అదే.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఇదే సంగతి మీద పెద్ద పరిశోధన జరిగింది. పారిస్‌లో గోబ్లాన్ అని పేరున్న నేత కేంద్రం ఉంది. అక్కడ అద్దకాల విభాగాన్ని చూసుకున్న షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఒక ఫిర్యాదు వచ్చింది, నల్లదారంలో నలుపు సరిగా రావడం లేదని. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగుల వల్ల ఆ నలుపు అలా కనబడుతోంది. ఇంత పెద్ద విషయాన్ని మన పూలకొట్టు అమ్మ రోజూ చేత్తో చేస్తుంది. ఏ పువ్వు పక్కన ఏది పెడితే బేరం తెగుతుందో ఆమెకు బాగా తెలుసు.

కదంబం మాల కట్టేవాళ్ల దగ్గర కాసేపు ఆగు. తెల్లపూలు ఎన్ని, కనకాంబరాలు ఎన్ని, మరువం ఎంత అన్నది లెక్కపెట్టు. మరువం చూడటానికి చాలా తక్కువ. అది తీసేస్తే మాత్రం మాలంతా ముద్దగా అయిపోతుంది. రెండు రంగులు కొట్టుకోకుండా మధ్యలో ఆ పచ్చ రెమ్మ ఉంది. నీ డిజైన్లలో నేను చూసినంతవరకు లోపం ఇక్కడే. రంగులు బాగానే ఎంచుకుంటావు, అన్నిటికీ సమానంగా చోటిస్తావు. దేన్నీ తగ్గించడానికి నీకు మనసొప్పదు.

దీనికి ఒక పని చెబుతాను, తప్పకుండా చెయ్యి. ఇంటికొచ్చాక చెయ్యెడు పొడుగు అట్టముక్క తీసుకో. పెళ్లిపత్రిక అట్ట అయినా పరవాలేదు. దగ్గరున్న రంగు దారాలతో, నువ్వు చూసిన పాళ్లలోనే, అట్ట చుట్టూ వరసలు చుట్టు. తెలుపు 20 చుట్లయితే కనకాంబరం 6, మరువం 2. కంప్యూటర్‌లో రంగు పెట్టెలు నింపితే రంగు తెలుస్తుంది, ఆ రంగు ఎంత ఉండాలో తెలియదు. దారం చుట్టేటప్పుడు వేలికే తెలిసిపోతుంది. అట్ట వెనక తేదీ, చోటు, వేళ రాసుకో. పగలా, సాయంత్రమా, బల్బు కిందా అన్నది ముఖ్యంగా రాయాలి.

మనది గోదావరి వైపు కాబట్టి నీకు బతుకమ్మ కొత్త. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా 9 రోజులు, మీ వీధిలో ఎవరైనా పేరుస్తుంటే వెళ్లి పక్కన కూర్చో, ఆడపిల్లను ఎవరూ పొమ్మనరు. పళ్లెంలో ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, పట్టుకుచ్చులు వరసలు వరసలుగా పేర్చుకుంటూ పైకి పోతారు. బయటికి వరసలే కనబడతాయి. లోపల ఆకు తుంపులు, కాడలు కూరుతారు, ఆ బలం మీదే పూలన్నీ నిలబడతాయి. గునుగు తెల్లగా వెండిలా ఉంటుంది. దానిలో కొంత తెల్లగానే ఉంచి, కొంత రంగుల్లో ముంచుతారు. అలా ముంచిన రంగు అన్ని పూలకూ ఒకేలా ఎక్కదు. ఒక కట్టలోనే చివరలు ముదురుగా, కిందికి పలచగా ఉంటుంది. ఇక్కత్ చీరలో రంగు అంచులు మసకగా కలిసిపోయే చోటు నీకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఈ గునుగు కట్టని దాని పక్కన పెట్టి చూడు.

సద్దుల బతుకమ్మ నాడు ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లగలిగితే, చీకటి పడే ఆ పావుగంట కన్ను తిప్పకు. వెలుగు తగ్గుతుంటే ముందు ఎరుపులు నల్లబడతాయి. ఆకుపచ్చ, నీలం ఇంకా కాసేపు నిలబడతాయి. తెల్లగునుగు చివరిదాకా కనబడుతుంది. మసక వెలుతురులో మన కన్ను పనిచేసే తీరే అంత. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని పిలుస్తారు. సాయంత్రం ఫంక్షన్లకు కట్టుకునే చీర డిజైన్ చేసేటప్పుడు ఈ పావుగంట నీకు ఏ పాఠం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇక స్వీట్ల సంగతి. నువ్వు తినడంలో ఎప్పుడూ వెనకబడలేదు, కాబట్టి ఈ సలహా సంతోషంగానే తీసుకుంటావు. ఆత్రేయపురం పూతరేకు నీకు చిన్నప్పటి నుంచి తెలిసిందే, 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఈసారి ఊరొచ్చినప్పుడు ఆత్రేయపురం వెళ్లి, రేకు తీసేచోట కూర్చుని చూడు. బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన బట్ట, ఒక్క లాగుడు, అంతే, రేకు లేస్తుంది. చెయ్యి ఆగితే మందమవుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఒక్కరేకు పట్టుకుంటే అవతలి చెయ్యి కనబడుతుంది. మడతలు పడేకొద్దీ తెల్లబడుతుంది. తెలుపు రంగు వేయకుండానే పొరల వల్ల తెలుపు వచ్చింది చూశావా? దీన్ని బట్ట మీదికి తెమ్మంటే, ఇప్పటి పిల్లలు పూతరేకు బొమ్మ ప్రింట్ వేస్తారు. అలా చెయ్యకు, అమ్మలూ. పలచటి రెండు మస్లిన్ పొరలు ఒకదాని మీద ఒకటి పడిన చోట మాత్రమే తెల్లబడే దుపట్టా ఆలోచించు. వస్తువు రూపాన్ని వదిలేసి, అది పనిచేసే తీరును తెచ్చుకో. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ మాటే.

హైదరాబాద్ స్వీట్లలో ఖుబానీ కా మీఠా ఒకసారి రంగు కోసమే తెప్పించుకుని చూడు. ఎండిన ఆప్రికాట్లు నానబెట్టి ఉడికిస్తే వచ్చే ఆ ముదురు తేనె రంగు, దాని మీద తెల్లటి మలాయి. రెండే రంగులు. మూడోది అడగాలనిపించదు. డబుల్ కా మీఠాలో రొట్టెముక్క అంచులు నేతిలో వేగి ఎక్కువ ఎర్రబడతాయి, మధ్య భాగం పాకం పీల్చుకుని మెత్తగా, లేతగా ఉంటుంది. బొబ్బట్టు మీద పెనం తగిలిన మచ్చలు కూడా అంతే. ఒక్కటీ ఇంకో దానిలా ఉండదు. నీ ప్రింట్లలో ప్రతి చుక్కా ఒకే కొలతలో వచ్చి కూర్చుంటుంది. కంప్యూటర్ అలవాటు అది. బొబ్బట్టు మచ్చల్ని ఒకసారి ట్రేసింగ్ పేపర్ మీద గీసుకుని చూడు.

బెల్లం గురించి చెప్పకపోతే నాకు తోచదు. శ్రీకాళహస్తి కలంకారీలో ఆ నల్లటి గీత ఉంటుంది చూడు, అది బెల్లం లేనిదే రాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి కొన్ని వారాలు ఊరబెడతారు. బట్టను ముందుగానే కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. వెదురు కలంతో గీసేటప్పుడు ఆ ద్రవం పెద్ద నల్లగా ఏమీ ఉండదు, కరక్కాయ ఎక్కిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. పాలు ఉన్నందువల్ల గీత పాకిపోదు. హారతికి ఎర్రనీళ్లు కలిపేటప్పుడు పసుపులో సున్నం వేయగానే ఎరుపు తిరగడం నువ్వు చూసే ఉంటావు. వంటింట్లో, దేవుడి గదిలో ఇన్ని రంగులు పుడుతుంటే నువ్వు ఫోన్‌లో వెతుక్కోవడం నాకు బాధగా ఉంది.

లాడ్ బజార్‌కి సాయంత్రం వెళ్లు. చార్మినార్ చూడాలని వెళ్లే జనం మధ్య నడవడమే పెద్ద పని, అందుకని వారం మధ్యలో వెళ్లు. లక్కగాజులు చేసేచోట అడిగి చూడు. నిప్పుల మీద లక్కను మెత్తబరచడం, కడ్డీలా సాగదీసి గుండ్రంగా తిప్పడం, వేడి చల్లారకముందే రాళ్లు అద్దడం. చల్లారితే రాయి కూర్చోదు, అందుకే ఆ చేతుల్లో అంత వేగం. కొట్టు లైట్ల కింద గాజులన్నీ తళతళలాడతాయి. నీకు నచ్చిన జత ఒకటి కొని, మర్నాడు పగలు కిటికీ దగ్గర పెట్టి మళ్లీ చూడు. మీ అమ్మమ్మ చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో చూస్తే మీరంతా నవ్వేవారు. అద్దకం పనివాళ్లు కూడా అదే చేస్తారు. బల్బు కింద జత కుదిరిన రెండు రంగులు ఎండలో విడిపోతాయి, ఇది మాకు రోజూ ఉండే టెన్షన్.

రోజూ ఇన్ని చోట్లకు తిరగలేవని నాకు తెలుసు. నీకు మెట్రో ఉంది కదా. అమీర్‌పేటలో రైలు మారేలోపు రెండు స్టేషన్ల దూరం ఫోన్ బయటికి తీయకు. ఒక చీరో, దుపట్టానో ఎంచుకుని, రంగులు మూడు, ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఇంతవరకే గుర్తుపెట్టుకో. ఎవరినీ అదే పనిగా చూడకు, ఇబ్బంది పడతారు. దిగాక రాసుకో. వాన పడిన రోజైతే మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగి ఐస్‌క్రీమ్ తింటూ కాసేపు కూర్చో. 1935లో కట్టిన ఆ గ్రానైట్ గోడలు తడిస్తే ఎన్ని బూడిద రంగులో నీకే తెలుస్తుంది. చెట్ల సంగతి వేసవిలో రాస్తాను. మోదుగ, రేల, తురాయి ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి అప్పటికప్పుడు చెబితేనే బాగుంటుంది.

ఆఫీసులో పని మీద పడి, ఒళ్లు అలిసిపోయిన రోజుల్లో ఇవేవీ వద్దు. తిని పడుకో. నిద్రలేని కంటికి ఏ పువ్వూ పనికిరాదు. ఆ మర్నాడు ఒక్క దారపు అట్ట చుట్టినా చాలు.

ఇప్పుడు నాకు కావలసింది చెబుతున్నాను. సద్దుల బతుకమ్మ అయ్యేలోపు మూడు అట్టలు చుట్టి కొరియర్ చెయ్యి. ఒకటి కదంబం మాల, ఒకటి గునుగు కట్ట, ఒకటి ఖుబానీ మీఠా. ఫోటో తీసి పంపితే నేను చూడను, ఫోన్ రంగును నమ్మలేను. వెనక వేళ రాయడం మరవకు. తెలుపు దారం ఒక్క రకమే వాడకు. మల్లె మొగ్గ తెలుపు వేరు, గునుగు తెలుపు వేరు, మలాయి తెలుపు వేరు. కోఠీలో దారాల కొట్ల వాళ్లు అడిగితే నాలుగైదు తెలుపులు తీసి చూపిస్తారు. దొరక్కపోతే చెప్పు, నా పెట్టెలో పాత ఉండలున్నాయి, మీ అన్నయ్య ఆదివారం అటు వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ
రాజమహేంద్రవరం