టికెట్ ఒకళ్ళది, ఫ్లైట్ ఇంకొకళ్ళది: చెక్-ఇన్ కాక ఆగిపోతే ఎవరి మీద వేయాలి, ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మేడం, మాది కావలి. అమెరికాలో ఉన్న మా అక్క దగ్గరికి అమ్మానాన్నని పంపడానికి నెల్లూరులో ఒక ట్రావెల్స్ ఆయన దగ్గర రానూపోనూ టికెట్లు తీసుకున్నాం. టికెట్ మీద ఒక కంపెనీ పేరుంది, చెన్నైలో ఎక్కాల్సిన ఫస్ట్ ఫ్లైట్ మాత్రం ఇంకో కంపెనీ నడుపుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ముందురోజు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేద్దామంటే అమ్మిన కంపెనీ సైట్ ఏమో ఫ్లైట్ నడిపేవాళ్ళ దగ్గర చేసుకోండి అంటుంది, ఆళ్ళ సైట్లో మా పీఎన్ఆర్ కొడితే అలాంటి బుకింగే లేదంటుంది. సరే ఎయిర్‌పోర్టులో చూసుకుందాంలే అని నాలుగు గంటల ముందే పోతే, పేర్లు కనపడతన్నాయి గాని టికెట్ నంబర్ మా సిస్టంలో లేదు, అమ్మినవాళ్ళతో సరిచేయించుకోని రండి అన్నారు. ఆ రాత్రిపూట అమ్మిన కంపెనీ కౌంటర్ ఆడ లేదు, కాల్ సెంటర్ హోల్డ్‌లోనే పెట్టింది, ట్రావెల్స్ ఆయన ఫోన్ ఎత్తలేదు, చూస్తుండగానే కౌంటర్ మూసేశారు. రెండ్రోజులకి లక్షా డెబ్బై వేలు పెట్టి వేరే టికెట్లు కొని పంపించాం. ఇప్పుడు ఆళ్ళు ఈళ్ళ మీద, ఈళ్ళు ఆళ్ళ మీద చెప్తన్నారు, పైగా మీరు నో-షో కాబట్టి రిటర్న్ కూడా క్యాన్సిల్ అంటన్నారు. ఎవరి మీద వేయాలి? నెల్లూరులో వేయొచ్చా, ఢిల్లీ పోవాలా?

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు రిటర్న్ టికెట్ చూడండి. కేసుకి రెండేళ్ళు టైం ఉంది, అమ్మానాన్న తిరిగి రావడానికి అంత టైం లేదు. ఎయిర్‌లైన్స్ పెట్టుకున్న రూల్ ఏందంటే టికెట్లో ఫ్లైట్లు వరసగానే వాడాలి, మొదటిదానికి మనిషి రాకపోతే నో-షో కింద వేసి మిగతావన్నీ రద్దు చేస్తారు. కానీ నో-షో అంటే మనిషి రాకపోవడం. మీవాళ్ళు వచ్చారు, నాలుగు గంటల ముందే వచ్చారు, కౌంటర్ దగ్గర నిలబడ్డారు, ఎక్కనివ్వనిది వాళ్ళు. కాబట్టి ఈరోజే అమ్మిన కంపెనీకి మెయిల్ పెట్టండి: మేము ప్రయాణం మానుకోలేదు, మీరే చెక్-ఇన్ చేయలేదు, మా రిటర్న్ యథాతథంగా ఉంచండి, ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే వేరే టికెట్ కొనుక్కుని ఆ ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తాం అని. జవాబు రాకపోతే నిజంగానే కొనండి, కానీ మామూలు ఎకానమీ టికెటే కొనండి. కాంట్రాక్ట్ యాక్ట్ 1872, సెక్షన్ 73 కింద నష్టం లెక్క కట్టేటప్పుడు, ఆ నష్టాన్ని తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్న దారి మనం వాడామా లేదా అనేది కూడా చూస్తారు, కోపంలో బిజినెస్ క్లాస్ కొంటే ఆ తేడా ఎవరూ ఇవ్వరు.

ఇంక అసలు ఏం జరిగి ఉంటుందో చెప్తాను, ఇది తెలిస్తేనే నోటీసులో ఏం అడగాలో తెలుస్తుంది. ఇలాంటి టికెట్‌ని కోడ్‌షేర్ అంటారు, ఒకే విమానానికి రెండు కంపెనీల నంబర్లు ఉంటాయి. రెండు కంపెనీల కంప్యూటర్లు వేరు కాబట్టి చాలాసార్లు ఒకే బుకింగ్‌కి రెండు పీఎన్ఆర్‌లు తయారవుతాయి, మీకు ఇచ్చింది అమ్మినవాళ్ళది, నడిపేవాళ్ళ సైట్లో అది పనిచేయకపోవడం అందుకే. అది చిన్న విషయం, ఇంకో పీఎన్ఆర్ అడిగి తెలుసుకుంటే అయిపోతుంది. పెద్ద విషయం ఇంకోటి ఉంది. బుకింగ్ వేరు, టికెట్ వేరు. టికెట్ అంటే 13 అంకెల నంబర్, అందులో మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన కంపెనీవి, దాని కింద ఒక్కో ఫ్లైట్‌కి ఒక్కో కూపన్ ఉంటుంది. ఫ్లైట్ నడిపే కంపెనీ చెక్-ఇన్ చేయాలంటే ఆ కూపన్ దాని సిస్టంకి చేరాలి. పేర్లు కనపడి టికెట్ కనపడలేదంటే బుకింగ్ చేరింది, కూపన్ చేరలేదు అని అర్థం. ఎక్కువగా ఇది ఫ్లైట్ టైమో నంబరో మారినప్పుడు జరుగుతుంది, నడిపేవాళ్ళు టైం మారుస్తారు, ఆ మార్పుని అమ్మిన కంపెనీ గానీ ఏజెంట్ గానీ ఒప్పుకుని టికెట్ మళ్ళీ ఇవ్వాలి, అది ఎవరూ చేయకపోతే బుకింగ్ కొత్త టైంలో, టికెట్ పాత టైంలో ఉండిపోతాయి. ట్రావెల్స్ వాళ్ళు బుకింగ్‌లో ప్రయాణికుడి ఫోన్, మెయిల్ బదులు సొంతవి వేసుంటే మార్పు కబురు మీకు రానే రాదు. మీ టికెట్‌లో ఎవరి నంబర్ ఉందో ఒకసారి చూడండి, ఏజెంట్ బాధ్యత ఎంతో తేల్చేది అదే.

ఎవరి తప్పో మీరే కనిపెట్టి కేసు వేయాలా అంటే అక్కర్లేదు. లా ఇక్కడ ప్రయాణికుడి వైపు చాలా గట్టిగా ఉంది, ఈ సంగతి మనవాళ్ళకి తెలియక ఆళ్ళనడగండి ఈళ్ళనడగండి అనే మాట విని డబ్బులు వదిలేసుకుంటున్నారు, నాకు బాధ కలిగేది అక్కడే. 1999లో మాంట్రియల్ కన్వెన్షన్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది, 2009 నుంచి అది మన దేశానికీ వర్తిస్తుంది, క్యారేజ్ బై ఎయిర్ యాక్ట్ 1972లో మూడో షెడ్యూల్‌గా చేర్చారు. అందులో ఒక చాప్టర్ మొత్తం ఇలాంటి కేసుల కోసమే ఉంది. మీతో ఒప్పందం చేసుకున్న కంపెనీ ఒకటి, దాని అనుమతితో నిజంగా విమానం నడిపే కంపెనీ ఇంకోటి. ఆర్టికల్ 41 ప్రకారం ఆ ఫ్లైట్‌కి సంబంధించి నడిపేవాళ్ళు చేసిన పని అమ్మినవాళ్ళు చేసినట్టే, అమ్మినవాళ్ళు చేసింది నడిపేవాళ్ళు చేసినట్టే. ఆర్టికల్ 42 ప్రకారం కంప్లైంట్ ఇద్దరిలో ఎవరికిచ్చినా ఇద్దరికీ ఇచ్చినట్టే. ఆర్టికల్ 45 ప్రకారం ఒకరి మీద వేయాలా, ఇంకొకరి మీదా, ఇద్దరి మీదా అన్నది మీ ఇష్టం, ఒకరి మీదే వేస్తే వాళ్ళు రెండోవాళ్ళని కేసులోకి లాగొచ్చు, అది వాళ్ళ తలనొప్పి. ఈ బాధ్యత మాకు వర్తించదు అని టికెట్ షరతుల్లో రాసుకుంటే ఆ షరతు చెల్లదని ఆర్టికల్ 47 చెప్తుంది. నా సలహా అయితే ఇద్దరితో పాటు ట్రావెల్స్ ఆయన్ని కూడా ఎదురు పార్టీగా పెట్టండి, ముగ్గురూ ఒకే హాల్లో నిలబడితే తప్పు ఎవరిదో వాళ్ళే ఒకరి మీద ఒకరు కాగితాలు పెట్టి చెప్తారు.

ఎక్కడ వేయాలి అంటే నెల్లూరులోనే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. పాత చట్టంలో ఎదురు పార్టీ ఆఫీసు ఎక్కడుందో, కారణం ఎక్కడ పుట్టిందో చూసుకోవాల్సి వచ్చేది, 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 34లో ఫిర్యాదుదారు నివాసం ఉండే చోట కూడా వేయొచ్చని పెట్టారు. ఒంగోలు వాళ్ళయితే ఒంగోలు కమిషన్‌లో వేసుకుంటారు. ఎయిర్‌లైన్ లాయర్ వచ్చి మాంట్రియల్ ఆర్టికల్ 33 ప్రకారం కొన్ని చోట్లే వేయాలి అని వాదిస్తాడు, వాదించనీయండి. అందులో గమ్యస్థానంలో ఉన్న కోర్టు కూడా ఒకటి, రానూపోనూ టికెట్‌కి లా లెక్కలో గమ్యం అంటే బయల్దేరిన చోటే, అంటే మీకు చెన్నై, అంటే ఇండియా. ఇండియా లోపల ఏ కోర్టు అనేది మన చట్టం తేలుస్తుందని మనం వాదించాలి. వినియోగదారుల కమిషన్ కోర్టే కాదు, విమాన కేసులు వినకూడదు అనే వాదన కూడా వస్తుంది, దాన్ని సుప్రీంకోర్టు 2011లోనే ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేస్, యూనివర్సల్ ఎక్స్‌పోర్ట్స్ కేసులో కొట్టేసింది. అది మాంట్రియల్‌కి ముందున్న పాత వార్సా ఒప్పందం కింద వచ్చిన సరుకు రవాణా కేసు, కానీ సూత్రం మనకి పనికొస్తుంది.

ఫీజు భయం అక్కర్లేదు. మీరు చెల్లించిన టికెట్ డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా ఫైల్ చేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, వీడియోలో హాజరవడానికి అడగొచ్చు. ఈలోపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, విమానయాన శాఖ వాళ్ళ ఎయిర్‌సేవా యాప్‌లో కంప్లైంట్ పెట్టండి, కొన్ని అక్కడే తేలతాయి, కానీ అక్కడ కంప్లైంట్ నడుస్తుంది కదా అని రెండేళ్ళు దాటనివ్వొద్దు. వినియోగదారుల చట్టంలో ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే క్షమిస్తారు, మాంట్రియల్ ఆర్టికల్ 35లో రెండేళ్ళు దాటితే హక్కే పోతుంది, ఏది వర్తిస్తుందనే వాదనలోకి పోకుండా ఆ లోపే వేసేయడం మంచిది.

సాక్ష్యం మీదే ఈ కేసు నిలబడుతుంది. మీరు టైంకి వచ్చారని రుజువు కావాలి, ఎందుకంటే కమిషన్‌లో వాళ్ళు రాసి వేసే మొదటి జవాబులోనే ప్రయాణికులు లేటుగా వచ్చారు అని ఉంటుంది, అది రాయని జవాబు నేను చూడలేదు. కావలి నుంచి కారులో పోయుంటే ఫాస్టాగ్ మెసేజ్‌లు తీయండి, వెంకటాచలం, సూళ్ళూరుపేట టోల్ ఏ టైంకి దాటారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, దీన్ని కాదనడం కష్టం. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ రసీదు, అక్కడ తాగిన కాఫీకి యూపీఐ చేసిన టైం, కాల్ సెంటర్‌కి చేసిన కాల్స్ లిస్టు, సైట్లో వచ్చిన ఎర్రర్ స్క్రీన్‌షాట్లు, అన్నీ. ఎయిర్‌పోర్ట్ వాళ్ళకి ఫలానా తేదీ ఫలానా కౌంటర్ల సీసీటీవీ భద్రపరచండి అని వెంటనే మెయిల్ పెట్టండి, ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు. ఫోన్‌లోవి ప్రింట్ తీసి పెట్టేటప్పుడు ఆ ఎలక్ట్రానిక్ రికార్డు ఎక్కడి నుంచి ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయండి, 2024 జూలై 1కి ముందు పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 65బి అని వినేవాళ్ళే, అదే ఇది.

నోటీసు స్పీడ్ పోస్ట్‌లోనూ మెయిల్‌లోనూ ముగ్గురికీ పంపండి, అందులో తప్పకుండా అడగాల్సింది పీఎన్ఆర్ హిస్టరీ, టికెట్ కూపన్ హిస్టరీ. ఏ రోజు ఏ గంటకి ఎవరు ఏం మార్చారో, మార్పు కబురు ఎవరికి పోయిందో, ఎవరు పట్టించుకోలేదో మొత్తం అందులో ఉంటుంది. ఇవ్వకపోతే కేసు వేశాక వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద డాక్యుమెంట్లు తెప్పించమని పిటిషన్ వేయండి, కమిషన్‌కి ఆ విషయంలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. తమ దగ్గరున్న రికార్డు దాచిపెడితే అది వాళ్ళకి వ్యతిరేకంగానే తీసుకోవాలని మీరు వాదించొచ్చు. కమిషన్ నోటీసు అందాక వాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ తర్వాత వేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఎంత అడగాలి అనే దగ్గర కొంచెం నిదానం కావాలి. కొత్త టికెట్ల లక్షా డెబ్బై వేలు అడిగి, పాత టికెట్‌లో పోయేదాని డబ్బులు కూడా మొత్తం వెనక్కి అడిగితే అమ్మానాన్న ఫ్రీగా పోయినట్టు అవుతుంది, కమిషన్ అది ఒప్పుకోదు. కొత్త టికెట్ ఖర్చు, చెన్నైలో రెండ్రోజుల లాడ్జి, కారు, రిటర్న్ ఇవ్వకపోతే దాని ఖర్చు, వీటికి వడ్డీ, ఆ వయసులో వాళ్ళు పడ్డ అవస్థకి న్యాయంగా ఒక మొత్తం, కేసు ఖర్చులు. పాతిక లక్షలు రాస్తే ఎక్కువ వస్తుందనుకోవద్దు, నమ్మకం తగ్గుతుంది అంతే. ఇది అసలు ప్రయాణమే చేయించకపోవడం, సేవాలోపం అని మన వాదన. లేదు ఇది ఆలస్యమే అని వాళ్ళు, ఆలస్యానికి పరిహారం ఇంతకి మించకూడదనే మాంట్రియల్ పరిమితి చూపించినా మీకు నష్టం లేదు, ఒప్పందం రాసినప్పటి పరిమితే మనిషికి 4,150 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్), మన రూపాయల్లో నాలుగు లక్షల పైమాటే, తర్వాత అది ఇంకా పెరిగింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్స్‌లో 20 వేల దాకా పరిహారం అని ఒకటుంది, అది ముఖ్యంగా సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మి ఎక్కనివ్వని సందర్భం కోసం. అంతే వస్తుంది, తీసుకోని సంతకం పెట్టండి అంటే పెట్టొద్దు. ఫుల్ అండ్ ఫైనల్ అనే మాట ఉన్న ఏ కాగితం మీదా, మెయిల్‌లో కూడా, ఓకే చెప్పొద్దు.

మళ్ళీ ఇలాంటి టికెట్ తీసుకునేవాళ్ళు ఎవరైనా సరే, ప్రయాణానికి వారం ముందు నడిపే కంపెనీకి ఫోన్ చేసి వాళ్ళ పీఎన్ఆర్ తీసుకోని, నా ఈ-టికెట్ మీ సిస్టంలో కనపడుతుందా అని సూటిగా అడగండి. బుకింగ్ కన్‌ఫర్మ్ అయ్యిందా అని అడిగితే అయ్యింది అంటారు, అది చాలదు.

చివరగా, ఫిర్యాదు అమ్మానాన్న పేర్లతో వేయండి, డబ్బు కట్టింది మీరైతే మీరూ మూడో ఫిర్యాదుదారుగా చేరండి. వాళ్ళు అమెరికాలో ఉన్నారు కాబట్టి మీకు ఆథరైజేషన్ లెటర్ రాసి పంపమనండి, అఫిడవిట్లు వాళ్ళు వచ్చాక ఇక్కడే చేయించొచ్చు, లేదంటే అక్కడే నోటరీ చేయించి పంపించొచ్చు. ఆరోజు కౌంటర్ దగ్గర ఎవరు ఏమన్నారో మాత్రం జ్ఞాపకం ఉన్నప్పుడే ఇద్దరినీ విడివిడిగా ఒక కాగితం మీద రాసి ఉంచమనండి.