కాళ్ల మంటలకు డిప్రెషన్ మందు ఎందుకు రాశారు?

ప్రశ్న: నా వయసు 57. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాది నుంచి రెండు పాదాల్లో మంటలు, తిమ్మిర్లు. రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేను, లేచి తడిగుడ్డ చుట్టుకుంటాను. పగలేమో నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. డాక్టరు గారు డులాక్సెటిన్ 30 మిల్లీగ్రాములు రాశారు. మా కోడలు ఫోన్‌లో చూసి ‘ఇది డిప్రెషన్ మందు అత్తయ్యా’ అంది. అయిదు రోజులు వేసుకుని, భయమేసి మానేశాను. నా మతి బాగానే ఉంది కదా, నాకెందుకీ మందు? అలవాటైపోతుందా? కాప్సూల్ మింగలేక విప్పి మజ్జిగలో కలుపుకున్నాను, ఫర్వాలేదా? నొప్పి మరీ ఎక్కువైనప్పుడు మావారి నడుంనొప్పికి ఇచ్చిన ట్రమడాల్ బిళ్ల వేసుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

డాక్టర్ సలహా: మీ కోడలు చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే చెప్పింది. డులాక్సెటిన్‌కు అమెరికాలో 2004 ఆగస్టులో డిప్రెషన్‌కు అనుమతి వచ్చింది. మరుసటి నెలలోనే, షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికీ వచ్చింది. మీకు మతి చెడిందని మీ డాక్టరు అనుకోలేదు, మీ పాదాల మంటకే ఆ మందు రాశారు. (డిప్రెషన్ అంటే మతి చెడటమూ కాదు. ఆ మాట మరోసారి వివరంగా చెప్పుకుందాం.)

ఒకే మందు రెండింటికి ఎలా పనిచేస్తుందన్నదే మీ అసలు సందేహం. నాడీకణాల మధ్య సన్నని సందు ఉంటుంది. ఒక కణం అందులోకి ఒక రసాయనాన్ని వదులుతుంది. అవతలి కణం మీద కబురు అందుకునే రిసెప్టర్లకు అది అతుక్కుంటే కబురు అందినట్టు. కబురు అందాక ఆ రసాయనం ఏమైపోతుంది? ఎంజైములు విరగ్గొట్టేస్తాయని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో శాస్త్రవేత్త జూలియస్ ఆక్సెల్‌రాడ్ ఇలాంటి కబురు రసాయనాల్లో ఒకటైన రేడియోధార్మిక నార్‌ఎడ్రినలిన్‌తో చేసిన ప్రయోగాల్లో వేరే సంగతి బయటపడింది. వదిలిన కణమే దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటోంది! అప్పటికే డిప్రెషన్‌కు వాడుతున్న ఇమిప్రమిన్ ఇలా లాక్కోవడాన్ని అడ్డుకుంటుందని 1961లో ఆయన బృందం చూపించింది. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. అలా లాక్కునే ప్రోటీన్లనే ఇప్పుడు ట్రాన్స్‌పోర్టర్లు అంటున్నాం.

ఈ ట్రాన్స్‌పోర్టర్లు మెదడులోనే కాదు, వెన్నుపాములోనూ ఉన్నాయి. పాదం నుంచి నొప్పి కబురు ముందు వెన్నుపాముకు చేరి, అక్కడి నుంచి పైకి వెళుతుంది. అదే చోటికి మెదడు కాండం నుంచి కిందికి దిగే నరాలూ వస్తాయి. అవి నార్‌ఎడ్రినలిన్ వదులుతాయి. అది ఆల్ఫా-2 రిసెప్టర్లకు అతుక్కుని, పైకి పోయే నొప్పికి బ్రేకు వేస్తుంది. దెబ్బ తగిలిన హడావిడిలో నొప్పి తెలియక, ఇంటికొచ్చాక తెలియడం అందరికీ అనుభవమే. అందులో ఈ దారికీ పాత్ర ఉంది. షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు ఏ గాయమూ లేకుండానే నొప్పి కబురు పంపుతుంటాయి. దుప్పటి తగిలితే మంట పుట్టడం అందుకే. డులాక్సెటిన్ నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్ (ఇదీ అలాంటి కబురు రసాయనమే) ట్రాన్స్‌పోర్టర్లు రెండింటినీ అడ్డుకుంటుంది. నార్‌ఎడ్రినలిన్ ఆ సందులో ఇంకాస్త సేపు నిలుస్తుంది, బ్రేకు గట్టిగా పడుతుంది.

‘మనసు కుదుటపడితే నొప్పి తగ్గినట్టు అనిపిస్తుందేమో’ అన్న అనుమానం డాక్టర్లకూ ఉండేది. 1992లో అమెరికాలో మిచెల్ మాక్స్ బృందం షుగర్ నరాల నొప్పి ఉన్నవాళ్లకే మూడు డిప్రెషన్ మందులు ఇచ్చి చూసింది. అమిట్రిప్టిలిన్, డెసిప్రమిన్ నొప్పిని తగ్గించాయి. అదీ డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎంతగా తగ్గిందో, లేనివాళ్లలోనూ అంతే. సెరటోనిన్ మీద మాత్రమే పనిచేసే ఫ్లూఆక్సెటిన్ మాత్రం మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా లేదు. నా దృష్టిలో మీ ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు లేదు. నొప్పి విషయంలో ముఖ్యమైనది నార్‌ఎడ్రినలిన్. మీ మూడ్ ఎలా ఉందన్నదానితో దానికి పనిలేదు.

ఇక మీరు వేసుకుంటున్న ట్రమడాల్. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది ఇదే. ఇందులో మన దేశపు పరిశోధన ముచ్చట ఒకటి ఉంది. అరవింద్ పెన్మత్స అనే శాస్త్రవేత్త అమెరికాలో ఎరిక్ గువో ల్యాబ్‌లో ఉండగా, పండ్ల మీద ముసిరే చిన్న ఈగలోని డోపమిన్ (ఇంకో కబురు రసాయనం) ట్రాన్స్‌పోర్టర్ రూపాన్ని ఎక్స్‌రేలతో అణువుల స్థాయిలో చూశారు. 2013లో అది వెలువడింది. మనిషి ప్రోటీన్‌ను కణపు పొర నుంచి బయటికి తీసి నిలబెట్టడం కష్టం కాబట్టి, దాని పోలికలున్న ఈగ ప్రోటీన్‌ను పట్టుకున్నారు. తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆయన బృందం అదే ఈగ ప్రోటీన్‌ను నార్‌ఎడ్రినలిన్ ట్రాన్స్‌పోర్టర్‌కు నమూనాగా తీసుకుని, దీర్ఘకాలపు నొప్పికి ఇచ్చే మందులు దానికి ఎలా అతుక్కుంటాయో 2021లో చూపించింది. ఆ మందులు మూడు: డులాక్సెటిన్, మిల్నాసిప్రాన్, ట్రమడాల్. మీరు వేసుకున్నవి అందులో రెండు!

అంటే ట్రమడాల్ మామూలు నొప్పి బిళ్ల కాదు. అది నల్లమందు జాతి మందుల్లా ఓపియాయిడ్ రిసెప్టర్లను తాకుతుంది, పైగా ఈ ట్రాన్స్‌పోర్టర్లనూ అడ్డుకుంటుంది. డులాక్సెటిన్‌తో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ ప్రభావం మితిమీరవచ్చు. ఒళ్లంతా వణుకు, చెమటలు, గుండెదడ, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, అయోమయం వస్తాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. ట్రమడాల్ కొందరిలో షుగర్‌ను ఉన్నట్టుండి పడేస్తుంది కూడా. అలవాటయ్యే భయం నిజంగా ఉన్నది దీనికే. 2018 నుంచి మన దేశంలో ఇది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. మీవారి బిళ్లలు మీరు ముట్టుకోవద్దు. రెండూ వేసుకున్న రోజుల్లో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డులాక్సెటిన్ మత్తుమందులా అలవాటు చేయదు. అయిదు రోజులకే మానేశారు కాబట్టి నష్టమేమీ లేదు. కానీ వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపకూడదు. తల తిరగడం, వికారం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం వంటివి వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ ఆపాలి. మీ డాక్టరుతో ఓసారి మాట్లాడి మళ్లీ మొదలుపెట్టండి. మొదటి వారం వికారం, నోరు ఎండటం, మగత మామూలే. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. సాధారణంగా వారం రెండు వారాల్లో 60 మిల్లీగ్రాములకు పెంచుతారు. ఆ మోతాదులో నెల, రెండు నెలలు చూసి గుణం ఉందో లేదో తేలుస్తారు. అందరికీ పనిచేయదు. పనిచేయకపోతే ప్రిగాబాలిన్ లాంటివి వేరే ఉన్నాయి. దెబ్బతిన్న నరాన్ని మాత్రం ఇవేవీ బాగుచేయవు, మంటను తగ్గిస్తాయంతే. షుగర్‌ను అదుపులో ఉంచుకోవడం ఎలాగూ తప్పదు.

కాప్సూల్ విప్పకండి. లోపలి చిన్న చిన్న గింజలకు పూత ఉంటుంది. ఈ మందు కడుపులోని ఆమ్లానికి పాడైపోతుంది కాబట్టి, పేగుల దాకా కాపాడేది ఆ పూతే. మజ్జిగలో కలిపి నమిలితే పూత పగిలిపోతుంది. కాప్సూల్‌ను నాలుక మీద పెట్టుకుని, గుక్కెడు నీళ్లతో తల కాస్త ముందుకు వంచి మింగి చూడండి. అది పైకి తేలే రకం, తల వెనక్కి వాల్చినప్పటికంటే సులువుగా దిగుతుంది.

కాలేయం జబ్బు, కిడ్నీలు బాగా దెబ్బతినడం, ఒక రకం గ్లకోమా, మద్యం అలవాటు – వీటిలో ఏదున్నా ముందే చెప్పాలి. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ వంటి నీరు తీసే మందు ఉంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

మంట కంటే నేను ఎక్కువ పట్టించుకునేది చెప్పు జారినా తెలియకపోవడాన్ని. స్పర్శ పోయిందంటే ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలియదు. పుండు పడ్డాకే చూసుకుంటారు. వెనక పట్టీ ఉన్న మెత్తని చెప్పులు కొనుక్కోండి, ఇంట్లోనూ వేసుకోండి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మీ కోడలి చేత చూపించుకోండి. వేడినీళ్ల కాపడం, ఐసుగడ్డలు రెండూ వద్దు. తడిగుడ్డ ఫర్వాలేదు గానీ తర్వాత వేళ్ల మధ్య పొడిగా తుడుచుకోవాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గి, అచ్చం ఇలాంటి తిమ్మిర్లే రావచ్చు. ఈసారి వెళ్లినప్పుడు బి12 పరీక్ష రాయమని అడగండి, పాదాల స్పర్శ కూడా చూడమనండి.