రేకుల షెడ్డు పైనుంచి పడిన తమ్ముడికి పరిహారం: కాగితం లేదని ఆగకండి

కావలిలో పని చేస్తూ షెడ్డు పైనుంచి పడిన మీ తమ్ముడి పరిహారం అర్జీ వెనక్కి వచ్చిందని, పనికి ఒప్పందపత్రం లేకపోవడమే కారణమా అని అడిగారు. కారణం అది కాకపోవచ్చు. మీరే రాశారు, ఆసుపత్రి చీటీలో “ఇంట్లో జారిపడ్డాడు” అని ఉందని. పనిలో పడినట్టు అందులో లేదు; చిక్కు అక్కడే.

1. ఎక్కడ, ఎవరి పనిలో, ఎంత ఎత్తు నుంచి పడ్డాడో, ఆసుపత్రిలో చేర్చినప్పుడు “ఇంట్లో” అన్న మాట ఎవరు చెప్పారో (మేస్త్రీయే కావచ్చు!) రాసి వైద్యుడికీ, పోలీసు స్టేషనులోనూ ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి. పాత చీటీని మాత్రం దిద్దించకండి, అనుమానం మీ మీదికే వస్తుంది.

2. తోటి కూలీల వాంగ్మూలాలు, ఫోనులో జమ అయిన కూలి వివరాలు జతచేయండి.

3. మేస్త్రీతోపాటు అతడికి పని అప్పగించిన పెద్ద కాంట్రాక్టరునూ ప్రతివాదిగా చేర్చండి. కాంట్రాక్టరు తన వ్యాపారపు పనిని మేస్త్రీ చేత చేయించినా, పరిహారం ఆ కాంట్రాక్టరు నుంచీ కోరవచ్చు.

4. ప్రమాదం జరిగిన 2 ఏళ్లలోపు కార్మిక శాఖలో పరిహారం తేల్చే అధికారికి దరఖాస్తు చేయాలి.