ఒంగోలు ఆవుకి నెల్లూరు పేరెందుకు?

"బ్రెజిల్‌లో నెల్లూరు ఆవు 35 కోట్లకు అమ్ముడుపోయింది" అనే వీడియో నిజమేనా అని అడిగారు. ముప్పావు వంతు నిజం.

ఆ ఆవు పేరు వియాటినా-19. 2023లో వేలంలో అమ్మింది మొత్తం ఆవుని కాదు, దానిపై మూడో వంతు వాటాని. దాని ధర సుమారు 14 లక్షల డాలర్లు. దాన్ని మూడుతో గుణించి మొత్తం విలువ 43 లక్షల డాలర్లుగా, అంటే మన లెక్కలో దాదాపు 35 కోట్లుగా కట్టారు. కొన్నవాళ్లకు కావలసింది పాలు కాదు, దాని అండాలు, పిండాలు.

ఇక పేరు గొడవ. వీడియో ఆపి చూడండి: తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు. అచ్చంగా మన ఒంగోలు జాతే! 19వ శతాబ్దంలో ఈ పశువులు ఓడలెక్కినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. బ్రెజిల్ వాళ్లు జిల్లా పేరునే పట్టుకుని 'నెలోరె' చేసేశారు. తర్వాత 1904లో ఒంగోలు గుంటూరు జిల్లాలోకి పోయింది, 1970లో సొంత జిల్లా వచ్చింది, అదే ఇప్పటి ప్రకాశం. బ్రెజిల్‌లో మాత్రం పాత పేరే నిలిచిపోయింది. టీ కొట్టు దగ్గర నెల్లూరోళ్లు "మాదే" అంటే ఒంగోలోళ్లకు మండేది అందుకే.